తూము కాడి పంచాయితీ: టేబుల్‌టాప్ ఆటల్లో మాటల పోరు, మనసు కోలుకునుడు

(బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రగా, డైస్ వేస్తూ ఆడే కథల ఆటలను నడిపేవాళ్లను గేమ్ మాస్టర్లు అంటరు. కొత్తగా గేమ్ మాస్టర్లుగా కూర్చుంటున్నవాళ్ల కోసం హనుమకొండలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతుందా? సరే. రాసుకునేవాళ్లు నెమ్మదిగ రాసుకోండి, లెక్కలు వచ్చిన కాడ నేను రెండుసార్లు చెప్త.

ఒక ఊరు అనుకుందాం. ఊరికి ఒక చెరువు. ఆ ఏడు వానలు సరిగ పడలేదు, చెరువు సగమే నిండింది. తూము పక్కన ఉన్న పొలాలకు నీళ్లు అందుతున్నయి, కాలువ చివర పొలాలు నెర్రెలు బారుతున్నయి. తూము తెరిచేది, మూసేది నీరటికాడు. ఊరి పెద్ద వారం దాక తియ్యొద్దన్నడు, కాబట్టి ఆయన తియ్యడు. మన ఆటలో నాలుగు పాత్రలు చివరి పొలాల రైతుల దిక్కు నుంచి ఆ తూము కాడికి వచ్చినయి.

ఇప్పుడు ఒక ప్లేయర్ అంటడు, 'నేను నీరటికాడిని ఒప్పిస్త.' గేమ్ మాస్టర్ అంటడు, 'రోల్ చెయ్యి.' ఇరవై ముఖాల డైస్ దొర్లింది, పాత్ర నైపుణ్యానికి వచ్చే బోనస్ కలిపితే 17. 'ఒప్పుకున్నడు, తూము తీసిండు.' అయిపాయె. పది సెకన్లు. ఊరంతా రావిచెట్టు కింద కూర్చొని తెంపాల్సిన పంచాయితీ పది సెకన్లలో తెగింది. ఏమన్న మిగిలిందా? ఆ నీరటికాడు ఎసుంటి మనిషో తెలిసిందా? రేపు పొద్దున ఊరి పెద్ద ఆయన్ని ఏం చేస్తడో ఎవరికన్న ఫికర్ ఉందా?

ఇంకో టేబుల్ చూద్దాం. అక్కడ డైస్ ముట్టనే ముట్టరు. మాటలు బాగ వచ్చిన ప్లేయర్ నలభై నిమిషాలు మాట్లాడుతడు, గెలుస్తడు. ఆయన పాత్ర షీట్ మీద మాటకారితనం సున్న. పక్కన కూర్చున్న అమ్మాయి పాత్ర నాలుగూర్లకు పేరున్న మధ్యవర్తి, పాయింట్లన్నీ మాట మీదనే పెట్టుకున్నది. కానీ ఆ అమ్మాయికి నలుగురిలో మాట్లాడాలంటే బెరుకు. ఆమె పాయింట్లన్నీ షీట్ మీదనే ఉండిపోయినయి. 'నీ పాత్ర బండరాయి ఎత్తాలంటే ముందు నువ్వు ఈ బల్ల ఎత్తు' అని ఎవరినన్న మనం అడుగుతమా? అడగం. మరి మాట కాడ ఎందుకు అడుగుతున్నం?

ఈ రెండు టేబుళ్లలో తప్పు ఒక్కటే. కత్తి దెబ్బకు ఉన్న లెక్క మాటకు లేదు. అందుకనే మాటతో తగిలిన దెబ్బ మానే తీరుకు కూడా లెక్క లేదు. ఇయ్యాల నేను చెప్పదలుచుకున్నది అదే. మాటకు లెక్క ఉండాలె, మనసుకు తగిలిన దెబ్బకు మానే టైము ఉండాలె, మానిపించే మనిషి ఉండాలె.

ఎందుకు ఇట్లయింది? డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ చేతుల మీదుగ వచ్చింది. అది యుద్ధం ఆటల నుంచి పుట్టింది, బొమ్మ సైన్యాలను నడిపే ఆటల నుంచి. అందుకే కత్తి పట్టినప్పుడు ఎవరి వంతు ముందు, ఎంత దూరం, కవచం ఎంత, ప్రాణం ఎంత, అన్నీ లెక్కలే. మాట వచ్చేసరికి ఒక్క రోల్. కానీ పాతవాళ్లు మాటను పూర్తిగ వదిలెయ్యలేదు. 1981 బేసిక్ రూల్స్‌లో ఎదురుపడ్డవాళ్లు ఎట్ల స్పందిస్తరో చూసే పట్టిక ఉంది. రెండు ఆరు ముఖాల డైస్ వెయ్యాలె. 2 పడితే వెంటనే దాడి. 3 నుంచి 5 దాక శత్రుత్వం. 6 నుంచి 8 దాక ఎటూ తేల్చుకోరు. 9 నుంచి 11 దాక దాడి చెయ్యరు. 12 పడితే దోస్తీ.

ఇప్పుడు లెక్క చూడండి. మొత్తం 36 రకాలుగ పడొచ్చు. వెంటనే దాడి చేసేది అందులో ఒక్కటే. ప్రాణం ఇచ్చే దోస్తీ కూడా ఒక్కటే. ఎటూ తేల్చుకోనివి 16. మళ్లీ చెప్తున్న, 36లో 16. అంటే ఎదురుపడ్డ మనిషి ఎక్కువసార్లు శత్రువూ కాదు, మిత్రుడూ కాదు, ఆగి చూస్తున్న మనిషి. ఈ పట్టికను చాలామంది పాత సామాను అని పక్కన పెట్టిన్రు. నన్ను అడిగితే, కొత్త గేమ్ మాస్టర్ మొదలు నేర్చుకోవాల్సింది అదే. ఎవరన్న కొత్త మనిషి ఎదురైతే ముందు ఆ రెండు డైస్ వెయ్యండి. మీకే తెలియని మనిషి మీ ముందుకొస్తడు.

2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ గైడ్‌లో ఇంకో పట్టిక ఉంది. మీలో ఎక్కువమంది ఆడేది అదే కదా, కానీ ఆ పేజీ తెరిచినవాళ్లు ఎంతమంది? అందులో ఎదుటి మనిషికి మూడు స్థితులు ఉంటయి. స్నేహంగ ఉన్నడు, ఎటూ కాకుండ ఉన్నడు, పగతోని ఉన్నడు. రోల్‌కు మూడు మెట్లు, 0, 10, 20. ఎటూ కానోడి కాడ 10 లేదా అంతకంటే ఎక్కువొస్తే, తనకు ఏ ముప్పూ లేనంతవరకు మీరు అడిగింది చేస్తడు. 20 లేదా అంతకంటే ఎక్కువొస్తే చిన్న ముప్పుకు ఒప్పుకుంటడు. పగ ఉన్నోడి కాడ 10 లేదా అంతకంటే ఎక్కువొస్తే అడ్డం రాడు, అంతే, సాయం మాత్రం చెయ్యడు. 20 వచ్చినా సరే, తనకు నష్టం లేని పని వరకే చేస్తడు.

ఇప్పుడు మన తూము కాడికి రండి. నీరటికాడు ఎటూ కాని మనిషి. ప్లేయర్‌కు వచ్చింది 17. తూము తీసుడు ఆయనకు ముప్పా, కాదా? ఊరి పెద్ద మాట జవదాటుడు, పంటల కాలంలో కల్లం కాడ తనకు వచ్చే వాటా పోగొట్టుకునుడు. పెద్ద ముప్పే. కాబట్టి 17కు తూము తియ్యడు. మరి 17 ఊరికే పోవాల్నా? పోవద్దు. ముప్పు లేనిది ఏం చేస్తడో అది చేస్తడు. 'తియ్యొద్దన్నది నేను కాదు, ఫలానా ఆయన. చెరువులో ఇంక ఇన్ని మూరల నీళ్లున్నయి. ఆయన్ని అడగాలంటే పొద్దున్నే పోండి, మాపటికి మాట వినడు.' చూసిన్రా? అదే 17, కానీ ఇప్పుడు ఊరు తెరుచుకున్నది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. పేరున్న ప్రతి మనిషికి, అంటే ప్లేయర్లు రెండోసారి కూడా మాట్లాడే ప్రతి మనిషికి, ఒక చిన్న చీటీ రాయండి. మూడు మాటలు చాలు. ఏం కావాలె. ఏమంటే భయం. ఎక్కడ వంగడు. నీరటికాడికి కావాల్సింది తన వాటా, తన తర్వాత తన కొడుక్కు ఆ పని. భయం ఊరి పెద్ద. వంగనిది? రాత్రిపూట దొంగతనంగ తూము తియ్యడు, ఏం ఇచ్చినా తియ్యడు, ఎందుకంటే కట్ట తెగితే ఊరు పోతది. ఆ మూడోది రాయడం మర్చిపోవద్దు. అది లేకపోతే 20 పడ్డ ప్రతిసారి ప్లేయర్లు రాజ్యం అడుగుతరు, మీరు ఇవ్వాల్సి వస్తది.

రోల్‌కు ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నీకు ఏం కావాలె, ఒక్క వాక్యంలో చెప్పు. రెండు, దేన్ని పట్టుకొని అడుగుతున్నవు, ఆయన ఆశనా, భయమా, పాత సంబంధమా, న్యాయమా? మూడు, కాకపోతే ఏమైతది? ఈ మూడో ప్రశ్నకు జవాబు మీరు చెప్పాలె, డైస్ చేతిలోకి రాకముందే చెప్పాలె. 'ఓడితే ఈయన పోయి ఊరి పెద్దకు చెప్తడు, మీరొచ్చిన సంగతి ఊరంతా పాకుతది. అయినా వేస్తవా?' వెయ్యనంటే ఇంకో దారి వెతుక్కుంటరు. వేస్తనంటే ఆ తర్వాత ఎవరికీ మనసు నొవ్వదు.

చూడండి, నేను ఇక్కడ మంచిగ మాట్లాడమని అడగలేదు. ఏం కావాలె, దేన్ని పట్టుకున్నవు, అంతే. బెరుకున్న అమ్మాయి కూడా 'ఆయన కొడుకు సంగతి ఎత్తుత' అని చెప్పగలదు. ఆ మాట చీటీ మీదున్న ఆశను తాకింది కాబట్టి ఆమెకు సులువు చెయ్యండి, రోల్‌కు 2 కలపండి, లేకపోతే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోనివ్వండి. రోల్ అయినంక, ఇష్టం ఉంటేనే, ఆ ఫలితానికి తగ్గట్టు ఒకటి రెండు మాటలు పాత్రగా చెప్పమనండి. డైస్ ముందు, మాట తర్వాత. ఇట్ల తిప్పితే ఓడిన రోల్‌ను కూడా అందంగ నటిస్తరు. అదే మాట ముందు పెడితే, అద్భుతంగ మాట్లాడినంక 3 పడితే ఆ ప్లేయర్ ముఖం చిన్నబోతది.

ఇప్పుడు రోల్‌లు ఎన్ని? ఇక్కడే చాలామంది తప్పుతరు. రాసుకోండి.

మొదటి తప్పు, నలుగురూ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అడుగుడు. గెలిచే అవకాశం ఒక్కొక్కరికి 35 శాతమే అనుకుందాం, అంటే ఇరవై ముఖాల డైస్, బోనస్ కలిపి రావాల్సిన లక్ష్యం 15, బోనస్ 1. నలుగురూ వేస్తే ఎవరో ఒకరు గెలిచే అవకాశం 82 శాతం. మీరు కష్టం అనుకున్న పని సులువైపోయింది. రెండో తప్పు దీనికి పూర్తిగ ఉల్టా. పెద్ద పంచాయితీ కదా అని వరుసగ మూడు రోల్‌లు గెలవమంటరు. లక్ష్యం 10, బోనస్ 2 అయితే ఒక్క రోల్‌కు 65 శాతం, మంచి అవకాశమే. కానీ మూడూ వరుసగ గెలవాలంటే 27 శాతమే. ప్లేయర్‌కు 'నేను మాటకారిని' అనిపించదు, తన పాత్ర పనికిరానిది అనిపిస్తది.

సరైన పద్ధతి మధ్యలో ఉంది. మూడు ఓటములు రాకముందు మూడు గెలుపులు. అదే 65 శాతం మనిషికి ఇట్ల ఆడితే గెలుపు 76 శాతం దాక వస్తది. చివరిదాక ఉత్కంఠ ఉంటది, పాత్రకు ఉన్న నైపుణ్యం కూడా కనబడుతది. మూడు గెలుపుల్లో ఒక్కొక్కటి ఒక్కొక్క మనిషి నుంచి రావాలె అని పెట్టండి. ఒకరు లెక్క చెప్తరు, నీళ్లు ఎన్ని రోజులకొస్తయి అని. ఒకరు పాత పంచాయితీలో ఏం తెగిందో ఊరి ముసలవ్వతోని చెప్పిస్తరు. ఒకరు పోయి తూము పక్క రైతుల ఇంటిముందు కూర్చుంటరు. నలుగురికీ పని దొరుకుతది. ఒకసారి వాడిన పట్టు మళ్లీ వాడనియ్యకండి. దారి మారితేనే ఇంకో రోల్.

గెలుపోటములు తేలినంక అంతా ఒకరికే దక్కాల్నా? మన దగ్గర పంచాయితీ ఎట్ల తెగుతది? ఒకరు పూర్తిగ గెలిచి ఇంకొకరు పూర్తిగ ఓడిన పంచాయితీ ఊర్లో నిలుస్తదా? నిలవదు, తెల్లారితే మళ్లీ లేస్తది. బర్నింగ్ వీల్ అనే ఆటలో, 2002లో లూక్ క్రేన్ రాసిందది, మాటల పోరుకు చక్కటి ఏర్పాటు ఉంది. రెండు పక్షాలు తమకు ఏం కావాలో ముందే చెప్పుకుంటయి. ఇద్దరికీ వాదన బలం అని ఒక అంకె ఉంటది, దాడి, జవాబు, దాటవేత, మభ్యపెట్టుడు లాంటి ఎత్తులను మూడేసి చొప్పున రహస్యంగ రాసుకొని తెరుస్తరు. ఎవరి బలం సున్న అయితే వాళ్లు ఓడినట్టు. కానీ గెలిచినోడు తన బలం ఎంత పోగొట్టుకున్నడో అంత రాజీ ఇవ్వాలె. నాకు ఆ ఆట మొత్తంలో నచ్చింది ఈ ఒక్క నిబంధన. మన పద్ధతికి తెచ్చుకోండి. 3-0తోని గెలిస్తే అడిగినదంతా. ఒక ఓటమి ఉంటే చిన్న రాజీ, తూము తీస్తరు కానీ పగటిపూట మాత్రమే. రెండు ఓటములుంటే పెద్ద రాజీ, తూము తీస్తరు, కానీ వచ్చే ఏడు కాలువ పూడిక తీసే పని చివరి పొలాలవాళ్లదే. ఆ పూడిక మీద మీకు ఇంకో కథ దొరికింది.

మాట కత్తికి తిరిగే కాడ జాగ్రత్త. 2004లో విన్సెంట్ బేకర్ ఒక ఆటలో ఈ సంగతి బాగ పట్టుకున్నడు. మాటతో మొదలైన పోరులో ఓడుతున్నోడు కావాలంటే మెట్టు పైకి ఎక్కొచ్చు, తోపులాటకు, దెబ్బలకు, చివరికి తుపాకీకి. ఎక్కిన ప్రతిసారి కొత్త డైస్ వస్తయి, కానీ తగిలే దెబ్బ డైస్ కూడా పెద్దవైతయి. నాలుగు ముఖాల నుంచి ఆరు, ఎనిమిది, పది. మీ టేబుల్ మీద ఇంత ఏర్పాటు లేకున్నా సరే, ఎవరన్న 'నేను వాడి గల్లా పడుత' అన్నప్పుడు ఆగి అడగండి. 'మాటల్లో ఓడుతున్నవు కాబట్టి పడుతున్నవా? గల్లా పట్టినంక ఇది పంచాయితీ కాదు, అందరికీ ఒప్పుకేనా?'

ఇంకొకటి, పాత్రకు పాత్రకు మధ్య పంచాయితీ. ఒక ప్లేయర్ రోల్ వేసి ఇంకో ప్లేయర్ పాత్రను 'ఒప్పించిన, ఇప్పుడు నువ్వు ఇట్లనే చెయ్యాలె' అనుడు. అది వద్దు. ఎవరి పాత్ర మనసు వాళ్ల చేతిలోనే ఉండాలె. 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్‌లో దీనికి మంచి దారి ఉంది. రెండు ఆరు ముఖాల డైస్ మీద 10 లేదా అంతకంటే ఎక్కువొస్తే, ఎదుటి ప్లేయర్ ఒప్పుకుంటే అనుభవం గుర్తు, అంటే పాత్ర ఎదగడానికి పనికొచ్చేది, దొరుకుతది, కాదంటే ఒత్తిడిలో పని చేసినట్టు రోల్ వెయ్యాలె. 7 నుంచి 9 వస్తే ఈ రెండింటిలో ఒక్కటే. నిర్ణయం మాత్రం ఆ ప్లేయర్‌దే. ఆశ పెట్టొచ్చు, బరువు పెట్టొచ్చు, చెయ్యి పట్టి రాయించొద్దు.

ఇంక రెండో భాగానికొద్దాం. నీళ్లు కావాల్నా? ఎవరన్న బయటికి పోయేదుంటే పోయి రండి.

పంచాయితీలో మన పాత్ర ఓడింది. ఊరందరి ముందు 'నీ మాటకు విలువ లేదు' అనిపించుకున్నది. లేకపోతే అడవిలో చూడకూడనిది చూసింది. దాన్ని షీట్ మీద ఎక్కడ రాస్తరు? ఐదో ఎడిషన్‌లో ఎనిమిది గంటల పెద్ద విశ్రాంతి తీసుకుంటే పోయిన ప్రాణం మొత్తం తిరిగొస్తది. కత్తి గాటుకు అది సరే అనుకుందాం. తమ్ముడు కళ్ల ముందు పోయిన మనిషి ఎనిమిది గంటలు పండుకొని లేస్తే మామూలైతదా?

కాల్ ఆఫ్ కథుల్హు 1981లోనే మనసుకు ఒక అంకె పెట్టింది. ఈ ఆట గురించి రెండు మంచి మాటలు, ఒక చెడ్డ మాట చెప్త. మొదటి మంచి, ఒకేసారి 5 లేదా అంతకంటే ఎక్కువ పోతే తెలివి మీద రోల్ వెయ్యాలె. ఆ రోల్ గెలిస్తేనే మనసు అదుపు తప్పుతది. ఉల్టా అనిపిస్తుందా? కాదు. ఏం చూసిన్నో అర్థమైన మనిషికే దెబ్బ తగులుతది, అర్థం కానోడు బయటపడుతడు. రెండో మంచి, కోలుకునుడు చాల నెమ్మది. ఏడో ఎడిషన్‌లో నెల రోజుల చికిత్స ఫలిస్తే వచ్చేది 1 నుంచి 3 పాయింట్లు, సగటున 2. ఒక్క రాత్రి పోయిన 6 పాయింట్లు తిరిగి రావాలంటే, ప్రతి నెలా చికిత్స ఫలించినా, సగటున మూడు నెలలు. చికిత్స బెడిసికొడితే ఉన్నవి కూడా పోతయి. చెడ్డ మాట ఏందంటే, అదుపు తప్పిన మనిషికి పట్టికలో నుంచి ఒక జబ్బు పేరు తీసి అంటించుడు. ప్లేయర్ ఆ పేరు తీసుకొని టేబుల్ మీద పిచ్చి చేష్టలు చేస్తడు, అందరూ నవ్వుతరు. ఆ జబ్బుతో ఇంట్లో అక్క ఉన్న మనిషి అదే టేబుల్ మీద కూర్చొని ఉండొచ్చు. ఇది చెయ్యొద్దు. దయచేసి చెయ్యొద్దు.

జబ్బు పేరు బదులు మూడు సంగతులు రాయండి. ఏం జరిగింది. ఎప్పుడు బయటపడుతది. ఏం చేస్తే కొంచెం తగ్గుతది. ఉదాహరణకు, తూము కాడ కట్ట మీద నుంచి దోస్తు నీళ్లలో పడిపోయిండు. నీళ్ల చప్పుడు వినబడితే చేతులు వణుకుతయి. పక్కన తెలిసిన మనిషి భుజం మీద చెయ్యి వేసి ఉంటే నడవగలడు. ఈ మూడు వాక్యాలతోని ఎంతసేపైనా ఆడొచ్చు, ఎవరినీ అవమానించినట్టు ఉండదు. పాత్ర ఏం చెయ్యాల్నో మీరు ఆర్డర్ వెయ్యొద్దు. 'నువ్వు పారిపోయినవు' అనొద్దు. 'నీళ్ల చప్పుడు వినబడుతున్నది, చేతులు వణుకుతున్నయి, ఏం చేస్తవు?' అనండి.

కోలుకునే లెక్కకు ఫేట్ కోర్ పద్ధతి నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగ అనిపిస్తది. 2013 ఆట. అందులో దెబ్బలు మూడు రకాలు, చిన్నవి, నడిమివి, పెద్దవి. మానుడు మొదలవ్వాలంటే ఎవరో ఒకరు రోల్ గెలవాలె, చిన్నదానికి 2, నడిమిదానికి 4, పెద్దదానికి 6. మనసు దెబ్బైతే ఎదుటి మనిషిని అర్థం చేసుకునే నైపుణ్యం మీద వెయ్యాలె. ఎవరికి వారే మానిపించుకోవాలంటే లక్ష్యం ఇంకో 2 పెరుగుతది. గెలిచినంత మాత్రాన దెబ్బ పోదు, పేరు మారుతది. 'నీళ్ల చప్పుడుకు వణుకు' కాస్త 'కట్ట మీద ఒంటరిగ నిలబడలేను' అయితది. ఆ తర్వాత చిన్నదైతే ఒక సీన్, నడిమిదైతే ఒక సెషన్, అంటే ఒకసారి కూర్చొని ఆడిన ఆట, పెద్దదైతే ఒక కథ మొత్తం గడవాలె. అప్పుడు చెరిపేస్తరు. మూడు పనులు కలిసినయి ఇందులో. ఇంకో మనిషి కావాలె, టైము కావాలె, పేరు మారాలె.

డెల్టా గ్రీన్, 2016 ఆట, ఇంకొక లోతైన సంగతి పట్టుకున్నది. పాత్రకు దగ్గరి మనుషులు ఉంటరు, ఒక్కొక్క బంధానికి ఒక అంకె. మనసుకు దెబ్బ తగిలేటప్పుడు ఆ దెబ్బలో కొంత ఆ బంధం మీదికి మళ్లించొచ్చు. నాలుగు ముఖాల డైస్ ఎంత పడితే అంత మనోబలం ఖర్చయి, మనసు అంత మిగులుతది, బంధం అంత తరుగుతది. అంటే బయట తట్టుకున్న మనిషి ఇంటికొచ్చి భార్య మీద అరిచిండు. అది ఎక్కడ పుట్టిన కోపమో ఆమెకు తెలియదు. మన ఇండ్లల్లో చూడనిదా ఇది? అందుకే ప్రతి సాహసం తర్వాత ఒక ఇంటి సీన్ పెట్టండి. అట్లనే మాస్క్స్ అనే ఆటలో భయం, కోపం, తప్పు చేసిన భావం, నిరాశ, తనమీద తనకు నమ్మకం లేకపోవుడు అని ఐదు స్థితులున్నయి, ఒక్కొక్కటి పోవాలంటే ఒక్కొక్క పని చెయ్యాలె. కోపం పోవాలంటే ముఖ్యమైనదేదో విరగ్గొట్టాలె, లేకపోతే ఎవరినో నొప్పించాలె. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో వ్యసనం కాడికి పోతే ఒత్తిడి తగ్గుతది, కానీ డైస్ మీద పడ్డది ఉన్న ఒత్తిడి కంటే ఎక్కువైతే అతి అయ్యి కొత్త గొడవ తెస్తది. కోలుకునుడుకు కూడా ఖర్చు ఉంటదని ఈ ఆటలు ఒప్పుకున్నయి.

మన దిక్కు కథ ఆడేటప్పుడు కోలుకునే సీన్‌ను పరాయి దేశపు ఆస్పత్రి గదిలో పెట్టాల్సిన పని లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు తీసుకోండి. ఆ ఏడు ఇంట్లో మనిషి పోయిన ఆమె పాత్ర ఉంది. ఎంగిలిపూల నాడు ఆమె రాదు, అరుగు మీద కూర్చొని పాట వింటది. అంతే సీన్, రెండు నిమిషాలు. రెండో సెషన్‌కు మూడో రోజు, పూలు తెంపి ఇస్తది కానీ పేర్చదు. తర్వాత ఎవరో ఆమె తంగేడు పూల బుట్ట పట్టుకొని తోడు నడుస్తరు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు. ఆ రోజును ఆటలో కూడా అట్లనే ఉంచండి. రోల్ లేదు, పాయింట్ లేదు, ఎవరూ ఆమెను 'ఇంక మామూలు కావాలె' అనొద్దు. సద్దుల నాటికి ఆమె గుండ్రంలోకి వచ్చి చప్పట్లు కలుపుతదా, చెరువు గట్టు దాక వచ్చి ఆగిపోతదా, అది ఆ ప్లేయర్ నిర్ణయం. తొమ్మిది గడులు గీసుకొని గెలిచిన సీన్‌కు ఒకటి నింపండి, ఆరో గడిని నింపకుండ దాటెయ్యండి. పెద్ద దెబ్బకు ఈ లెక్క సరిపోతది. మేడారం మొక్కు కూడా ఇట్లనే వాడొచ్చు, జాతర రెండేండ్లకు ఒకసారి కాబట్టి పెద్ద కథ మొత్తానికి గమ్యం దొరుకుతది. కాకపోతే ఒక్క జాగ్రత్త. అమ్మవార్లకు బెల్లం, మనం బంగారం అంటం కదా, సమర్పించగానే పాయింట్లు ఇచ్చుడు పెట్టకండి. టేబుల్ మీద ఆ మొక్కు నిజంగ ఉన్నవాళ్లుంటరు. దారిలో తోడొచ్చిన మనుషులే మానిపించాలె.

ఏం చెడిపోతది ఇందులో? మామూలుగ మూడు. ఒక ప్లేయర్ సీన్ అరగంట సాగుతది, మిగిలిన ముగ్గురు ఫోన్లు తీస్తరు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పెట్టుకోండి, నలుగురికి ఇరవై, మిగిలినవాళ్లకు ఆ సీన్‌లో చుట్టపు పాత్రలు ఇవ్వండి, అత్త, మేనమామ, దుకాణపాయన. రెండోది, ఒకే పాత్ర అందరి మనసులూ మానిపించే వైద్యుడైతది. ఒకరు ఒక విరామంలో ఒకరికే సాయం చెయ్యాలె అని పెట్టండి. మూడోది, దెబ్బలు మానే వేగం కంటే తగిలే వేగం ఎక్కువైతది. సెషన్‌కు నడిమి దెబ్బ ఒకటి, పెద్ద దెబ్బ మూడు సెషన్లకు ఒకటి, అంతకు మించితే ఆడేవాళ్లకు ఆశ పోతది, పాత్రను వదిలేస్తరు.

ఇప్పటిదాక పాత్రల మనసు. ఇప్పుడు మనుషుల మనసు. ఈ రెండూ కలవకుండ చూసుడు మీ పని.

మొదటి ఆటకు ముందు ఒక అరగంట కూర్చోండి, దాన్ని సెషన్ జీరో అంటరు. ఈ టేబుల్ మీద అసలు రాకూడనివి ఏంది, వచ్చినా తెర వెనక జరిగిపోవాల్సినవి ఏంది, రెండు జాబితాలు. అందరి ముందు చెప్పలేనివాళ్లుంటరు, చీటీ మీద పేరు లేకుండ రాయించండి. టేబుల్ నడుమ ఎక్స్ రాసిన కార్డు పెట్టండి, జాన్ స్టావ్రోపోలస్ తయారు చేసిన పద్ధతి అది. ఎవరన్న ముడితే అప్పుడు నడుస్తున్నది వదిలేసి ముందుకు పోతరు. ఎందుకు ముట్టినవని అడగొద్దు. పెద్దోళ్ల ముందు నోరు విప్పని అలవాటు మనకుంది, 'అన్నా, వద్దు' అనే బదులు కార్డు ముట్టుడు సులువు. మొదటి రోజు చిన్న విషయానికి మీరే ఒకసారి ముట్టి చూపించండి, లేకపోతే ఎవరూ ముట్టరు.

పాత్రల కొట్లాట మనుషుల కొట్లాట అవుతున్నదని ఎట్ల తెలుస్తది? పాత్ర పేరు పోయి 'నువ్వు ఎప్పుడూ ఇంతే' అనే మాట వస్తది. ఆ 'ఎప్పుడూ' వినబడగానే ఆపండి. ఐదు నిమిషాల విరామం, చాయ్. ఇద్దరితోని వేరువేరుగ మాట్లాడండి. దాన్ని డైస్‌తోని తెంపొద్దు, ఆటలో శిక్ష వేసి తెంపొద్దు.

ఆట అయినంక పది నిమిషాలు ఉంచుకోండి. షీట్లు మూసెయ్యాలె, ఒకరినొకరు అసలు పేర్లతోని పిలుచుకోవాలె, 'ఏ సీన్ బాగుంది, ఏది బరువైంది' అని ఒక్కసారి అడగాలె. చెప్పనంటే వదిలెయ్యాలె. ఎవరన్న నిజంగ కలతపడి కనిపిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడ్‌లో మూడు మాటలున్నయి. చూడు, విను, కలుపు. ఏమైందో తవ్వి చెప్పించొద్దు, సలహాలు ఇయ్యొద్దు, ఇంటికి తోడు ఎవరున్నరో కనుక్కోండి, సాయం దొరికే కాడికి కలపండి. మనసు బాగలేనివాళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్, దాని నంబర్ 14416, పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు పలుకుతరు, తెలుగులో మాట్లాడొచ్చు. మన ఆట చికిత్స కాదు, మనం డాక్టర్లం కాదు. ఆ నంబర్ మీ గేమ్ మాస్టర్ తెర లోపలి దిక్కు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు నలుగురేసి కూర్చోండి. ఒక్కొక్కరు ఒక చీటీ తీసి తూము కాడి పంచాయితీలో ఒక మనిషిని రాయండి, నీరటికాడు కాకుండ. ఊరి పెద్ద, తూము పక్క రైతు, కాలువ చివర ముసలవ్వ, ఎవరైనా సరే. ఏం కావాలె, ఏమంటే భయం, ఎక్కడ వంగడు. రాసినంక చీటీ ఎడమ చేతి వైపు మనిషికి ఇయ్యండి. వాళ్లు కింద ఒక్క వాక్యం రాస్తరు, ఈ పంచాయితీలో ఓడితే ఈ మనిషికి ఏ దెబ్బ తగులుతది, దాన్ని ఎవరు మానిపిస్తరు. పదిహేను నిమిషాలు. డైస్ లేనివాళ్లు ఇటు రండి, నా దగ్గర ఉన్నయి.